ఊఁ కొట్టని ఇంటర్వ్యూ: ఒక రైలు డ్రైవర్‌తో రెండు రికార్డింగులు

మొదటి రికార్డింగు గంటా యాభై నిమిషాలు వచ్చింది. దాన్లో పనికొచ్చింది ఆరు నిమిషాలు. ఆ ఆరూ కూడా టీ విరామంలో మైకు ఆపడం మేం మర్చిపోవడం వల్ల దొరికినవే. మూడు వారాల తర్వాత అదే మనిషితో, అదే విషయం మీద మళ్ళీ కూర్చున్నాం. ఈసారి రెండు గంటల పది నిమిషాలు మాట్లాడారు. అందులోంచి యాభై రెండు నిమిషాల ఎపిసోడ్ తీయడానికి ఏది వదులుకోవాలో తేలక మా ఎడిటర్ రెండు రోజులు తల పట్టుకున్నాడు. మధ్యలో ఏం మారిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మారింది అతిథి కాదు గనక, ఇందులో ఎక్కువ భాగం నా తప్పులే ఉంటాయి.

మాది రకరకాల పనులు చేసేవాళ్ళతో మాట్లాడే చిన్న తెలుగు పాడ్‌కాస్ట్. విశాఖ నుంచి ఇద్దరమే చేస్తాం. అడిగేది నేను, రికార్డింగూ ఎడిటింగూ నా స్నేహితుడు. ఈ ఎపిసోడ్ అతిథి రిటైరైన లోకో పైలట్, డెబ్బైకి దగ్గర పడ్డారు. 1978లో డీజిల్ అసిస్టెంట్‌గా చేరి, సర్వీసులో సగానికి పైగా కేకే లైన్లో చేశారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్ల లైను అది. బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960లలో వేశారు. అరకు వెళ్ళే టూరిస్టులకు అది సొరంగాల లైను. డ్రైవర్లకు మాత్రం అది దిగుడు లైను. శిమిలిగుడ స్టేషన్ సముద్రమట్టానికి వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ ఎత్తులో ఉంటుంది. అక్కణ్ణుంచి కరకవలస, బొర్రా, చిమిడిపల్లి, త్యాడ, శివలింగపురం మీదుగా ఖనిజం నిండిన బండిని బ్రేకుల మీద దింపుకుంటూ రావాలి. "ఎక్కించడం ఇంజిను పని, దించడం డ్రైవర్ పని" అన్నారాయన. ఈ మాట రెండోసారి అన్నారు. మొదటిసారి అనలేదు, అనే వీలు నేనివ్వలేదు.

మొదటి రికార్డింగు అద్దె స్టూడియోలో. ఏసీ, రెండు లైట్లు, రీల్స్ కోసం ఒక కెమెరా. ఆయన ఇస్త్రీ చొక్కాతో, చేతిలో ప్లాస్టిక్ కవర్లో సర్వీసు సర్టిఫికెట్లతో చెప్పిన టైముకి పావుగంట ముందే వచ్చారు. ఆ కవరు చూసినప్పుడే నాకు వెలగాల్సింది.

నా చేతిలో ఇరవై రెండు ప్రశ్నల ప్రింటౌట్. మొదటిది "మీ గురించి చెప్పండి సార్". దీనికి పెద్ద ఆధారమే ఉంది. అమెరికన్ రేడియోలో దశాబ్దాలుగా ఇంటర్వ్యూలు చేస్తున్న టెర్రీ గ్రాస్, మాట మొదలుపెట్టడానికి ఈ ఒక్కటీ చాలంటుంది. ఎదుటివాళ్ళు ఎక్కణ్ణుంచి కావాలంటే అక్కణ్ణుంచి మొదలుపెట్టుకుంటారని ఆవిడ ఉద్దేశం. అక్కడ పని చేస్తుందేమో. మన పెద్దవాళ్ళని ఈ మాట అడిగితే వచ్చేది బయోడేటా. పుట్టిన ఊరు, తండ్రిగారి పేరు, ఉద్యోగంలో చేరిన తేదీ, ప్రమోషన్లు, అమ్మాయి బెంగుళూరులో, అబ్బాయి టెక్సాస్‌లో. తొమ్మిది నిమిషాలు. అందులో వినేవాడికి ఏమీ లేదు.

ఆ తర్వాత ప్రశ్నలు ఇలా నడిచాయి. "మీ జీవితంలో మరచిపోలేని సంఘటన?" "ఏముందండీ, దేవుడి దయ వల్ల అన్నీ బాగానే జరిగాయి." "సొరంగాల్లో భయం వేసేదా?" "అలవాటైపోతుందండీ." "ఈ ఉద్యోగం మీకు ఏం నేర్పింది?" "క్రమశిక్షణ." "యువతకి మీరిచ్చే సందేశం?" ఈ చివరిదానికి మాత్రం నాలుగు నిమిషాలు మాట్లాడారు, అందులో ఒక్క రైలు కూడా లేదు.

టీకి లేచినప్పుడు మా ఎడిటర్ ఊరికే, "రాత్రి డ్యూటీ అని ఇంటికెలా తెలిసేది సార్, అప్పట్లో ఫోన్లు లేవుగా?" అన్నాడు. అంతే, కాల్ బాయ్ వచ్చేశాడు. రైల్వేలో ఆ ఉద్యోగమే ఉండేది. డ్యూటీ పడిన డ్రైవర్ల ఇళ్ళకి సైకిల్ మీద వెళ్ళి, తలుపు కొట్టి లేపి, కాల్ బుక్కులో సంతకం పెట్టించుకుని పోయేవాడు. నిద్రమత్తులో సంతకం పెట్టి మళ్ళీ పడుకుంటారేమోనని ఆ కుర్రాడు కాసేపు గేటు దగ్గరే నిలబడి, లోపల లైటు వెలిగితే గానీ కదిలేవాడు కాదట. చెప్తూ చెప్తూ ఆయన గేటు తీస్తున్నట్టు చెయ్యి కదిపారు. ఇద్దరం నవ్వాం. మళ్ళీ లోపలికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, నేను కాగితం చేతిలోకి తీసుకోగానే ఆయన నడుం నిటారుగా అయిపోయింది.

ఎందుకో నాకు ఆ రోజు అర్థం కాలేదు. చాలా రోజుల తర్వాత ఆయనే చెప్పారు. "మమ్మల్ని ఎదురుగా కూర్చోబెట్టి, కాగితం చూసి ప్రశ్నలు అడిగేది ఎంక్వైరీలోనేనమ్మా. అక్కడ అడిగినదానికే చెప్పాలి. ఎక్కువ చెప్తే దాని మీద ఇంకో ప్రశ్న వస్తుంది." ముప్ఫై ఆరేళ్ళ సర్వీసు ఆయనకి నేర్పినది అది. టేబుల్, లైటు, కాగితం, "సార్" అంటూ నెమ్మదిగా అడిగే మనిషి. నేను నాకు తెలియకుండానే ఎంక్వైరీ సెట్టు వేసి పెట్టాను. ఆయన కూడా ఎంక్వైరీలో చెప్పినట్టే చెప్పారు.

ఇంకో తప్పు మాత్రం నేను కష్టపడి నేర్చుకుని మరీ చేసింది. అతిథి మాట్లాడుతుంటే నోటితో చప్పుడు చేయకు, తలూపు చాలు అని పాడ్‌కాస్ట్ పాఠాల్లో చెప్తారు. అవతలివాళ్ళ మాటల మీద మన "ఊఁ", "అవునా" పడితే ఎడిటింగులో తీయలేం. అందుకని పెదాలు బిగించి కూర్చున్నాను. రికార్డింగు మళ్ళీ వింటే తెలిసింది, ప్రతి రెండు వాక్యాలకీ ఆయన ఆగి "అదండీ" అన్నారు. ఒకచోట నేరుగా "వింటున్నారా?" అని అడిగారు కూడా. కళ్ళ ముందే ఉన్నాను, తల ఆడిస్తూనే ఉన్నాను. అయినా ఆయన చెవికి నేను లేను.

మన దగ్గర కథ చెప్పేవాళ్ళకి ఊఁ కొట్టేవాళ్ళు కావాలి. చిన్నప్పుడు నాయనమ్మ కథ మధ్యలో ఆపి "నిద్రపోయావా?" అని అడిగేది ఊఁ వినబడకపోతేనే. పైగా ఈయన పనిలో కూడా అదే ఉంది. ఇంజిను క్యాబ్‌లో అసిస్టెంట్ సిగ్నల్ చూసి గట్టిగా పలకాలి, డ్రైవర్ చూసి తిరిగి పలకాలి. ఒకరు పలికితే రెండోవాళ్ళు పలక్కుండా ఉండటం అంటే ఏదో తేడా ఉన్నట్టే. అలాంటి మనిషి ఎదురుగా నేను గంటా యాభై నిమిషాలు పలక్కుండా కూర్చున్నాను.

రెండోసారి ఊఁ కొట్టాను. పరిష్కారం మర్యాదలో కాదు, కేబుళ్ళలో ఉంది: ఇద్దరికీ వేర్వేరు మైకులు, వేర్వేరు ట్రాకులు. నా ట్రాకు తగ్గిస్తే నా ఊఁలు పోతాయి, ఆయన మాట నిలుస్తుంది. ఇద్దరి మధ్యా కనీసం నాలుగడుగుల దూరం ఉండి, కాలరు మైకులు నోటికి జానెడు దూరంలో ఉంటే ఒకరి గొంతు మరొకరి మైకులోకి పాకడం బాగా తగ్గుతుంది. అన్నీ తీసెయ్యలేదు కూడా. ఎపిసోడ్‌లో పద్నాలుగు ఊఁలు ఉంచాం. వినేవాళ్ళకీ ఎవరో వింటున్నట్టు ఉండాలి కదా.

రెండో రికార్డింగుకి ముందు ఫోన్ చేశాను. అలా మళ్ళీ రికార్డు చేస్తామని అడగడం చాలా ఇబ్బంది. "మొన్నటిది సరిగ్గా రాలేదండీ, తప్పు మాదే" అని ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కొంచెం ఆగి, "నాకూ అలాగే అనిపించిందమ్మా, ఏదో అప్పజెప్పినట్టు అయింది" అన్నారు. ఈ ముందస్తు ఫోన్ విషయంలో ఒక ప్రమాదం ఉంది. అతిథి ఉత్సాహంగా తన దగ్గరున్న మంచి కథ ఫోన్‌లోనే చెప్పేస్తారు. రికార్డింగులో అదే అడిగితే "మొన్న చెప్పాను కదా" అని సగానికి కుదించి చెప్తారు. రెండుసార్లు నాకిలాగే మంచి కథలు చేజారాయి. అందుకని ఫోన్‌లో కథలు అడగను, వస్తువులూ ఊళ్ళూ మనుషులూ మాత్రం అడుగుతాను. ఇంట్లో పాత సామాన్లు ఏమున్నాయి? ఏ స్టేషన్లో ఎక్కువసేపు ఆపేవాళ్ళు? కథ మొదలైతే "అది ఆ రోజు చెప్పండి బాబాయ్ గారూ" అని ఆపేస్తాను.

అవును, బాబాయ్ గారూ. "సార్" పోయింది. ఈ పిలుపు నేనేదో ఎత్తుగడగా వాడలేదు. ఇంటికి వెళ్ళగానే వాళ్ళావిడ "లోపలికి రా అమ్మా" అన్నారు, ఆవిణ్ణి పిన్నిగారూ అన్నాక ఆయన్ని సార్ అనలేం కదా.

రికార్డింగు గోపాలపట్నం వైపు వాళ్ళింట్లోనే. ముందు గది లైన్లకి దగ్గర. మా ఎడిటర్ మొహం మాడ్చాడు, అరగంటకో బండి పోతుంది. ఫ్యాను ఆపాం, విసనకర్రలు పంచాం. ఫ్రిజ్ కూడా ఆపి, నా బండి తాళం చెవి అందులో పెట్టాను. తిరిగి ఆన్ చేయడం మర్చిపోతే ఇంటికి వెళ్ళలేను గనక మర్చిపోం. ఆయన భుజం మీద కండువా మైకుకి రాసుకుంటోందని తీసేయమంటే ఇబ్బంది పడ్డారు, మైకునే రెండో వైపుకి మార్చాం. ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం గది చప్పుడు రికార్డు చేశాం, తర్వాత కోతలు పెట్టిన చోట కింద పరవడానికి.

ఆ నిమిషం సగంలో ఉండగా బండి వచ్చింది. ఎడిటర్ విసుగ్గా హెడ్‌ఫోన్లు తీశాడు. బాబాయ్ గారు తల కొంచెం వంచి, "ఖాళీ రేకు" అన్నారు. రేకంటే ఒకదానికొకటి తగిలించిన వ్యాగన్ల వరస. "కిరండూల్ పోతోంది. వినమ్మా, గలగలమంటోంది. లోడుంటే ఇలా మోగదు, మూలుగుతుంది."

ప్రశ్నల కాగితం నేను బ్యాగులోంచి తీయలేదు. అప్పటికే రికార్డవుతోంది గనక అక్కణ్ణుంచే వెళ్ళాం. "మూలుగుతుంటే మీ చెయ్యి ఎక్కడుండేది బాబాయ్ గారూ?"

నా దృష్టిలో ఈ ఎపిసోడ్ నిలబడింది ఈ రకం ప్రశ్న మీదే. భయం వేసిందా అంటే ఏ పనివాడూ వేసిందనడు. ఆ పనిలో పండినవాళ్ళకి భయం ఒక అనుభూతిగా విడిగా ఉండదు, అది ఏదో ఒక అలవాటులో దాక్కుని ఉంటుంది. చేతులు ఏం చేసేవో వరసగా చెప్పమంటే ఆ అలవాటు బయటికొస్తుంది. శిమిలిగుడలో బయల్దేరే ముందు మొట్టమొదట ఏం చూసుకునేవాళ్ళు? ఆ తర్వాత? బ్రేకు పట్టిందని చేతికి ముందు తెలిసేదా, చెవికా? ఆయన కళ్ళు మూసుకుని కుడిచేత్తో గాల్లో హ్యాండిల్ తిప్పుతూ, స్టేషన్ స్టేషన్‌కీ కొండ దిగడం మొదలుపెట్టారు. వర్షాకాలంలో రాళ్ళు జారేచోట్లు. రాత్రిపూట దీపం పట్టుకుని లైను వెంట నడిచే పెట్రోల్‌మేన్. అతను దీపం ఊపితే వచ్చే ధైర్యం. "ఆ దీపం కనబడకపోతే?" అన్నాను. "కనబడే దాకా మాటలుండవమ్మా క్యాబ్‌లో." భయం గురించి ఆయన చెప్పింది ఇదొక్కటే. ఇంకేం కావాలి.

మంచం కింద నుంచి లైన్ బాక్సు లాగారు. డ్రైవర్లు డ్యూటీకి మోయించుకెళ్ళే ఇనప్పెట్టె అది. గడియ తుప్పు పట్టి కిర్రుమంది, ఆ చప్పుడు అలాగే ఉంచాం. జెండాలు, చేతిదీపం, ఓ పాత టిఫిన్ క్యారేజీ. డ్యూటీ మధ్యలో డ్రైవర్లు బస చేసే రన్నింగ్ రూంలో ఎవరి బియ్యం, పప్పు వాళ్ళిస్తే వంటవాళ్ళు వండిపెట్టేవారట. అక్కడ పిన్నిగారు వంటింట్లోంచి, "పప్పు ఎక్కువ కట్టేదాన్ని, అసిస్టెంట్లు తెచ్చుకోరని" అన్నారు. ఆవిడకి మైకు లేదు. ఈ రికార్డింగులో మేం చేసిన పెద్ద పొరపాటు ఇదే. ఆ తర్వాత కూడా ఆవిడ ఆరేడు సార్లు సరిదిద్దారు, తేదీలతో సహా. అన్నీ ఎక్కడో బావిలోంచి వినబడినట్టు వచ్చాయి. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా ఒక మైకు ఎక్కువ తీసుకెళ్తున్నాం.

మొదటిసారి "మరచిపోలేని సంఘటన"కి ఆయన ఏమీ లేదన్నారు కదా. ఉంది. ఎక్కువకాలం బండి నడిపిన డ్రైవర్లలో ఇది లేనివాళ్ళు అరుదు. కూర్చోగానే నేనొక మాట చెప్పి ఉన్నాను: ఏదైనా చెప్పడం ఇష్టం లేకపోతే వద్దనండి, వేరేదానికి వెళ్దాం. ఇది కూడా టెర్రీ గ్రాస్ దగ్గర నేర్చుకున్నదే, ఆవిడ ఈ మాట అతిథులకి ముందే చెప్తుంది. ఇది మాత్రం మన దగ్గరా పనిచేస్తుంది. అందుకే ఆ సంఘటన గురించి అడగలేదు, పద్ధతి గురించి అడిగాను. పట్టాల మీద మనిషి కనబడి అత్యవసర బ్రేకు వేస్తే, బండి ఆగాక ఏం చేయాలి? వరసగా చెప్పారు. గార్డుకి చెప్పాలి. దిగి చూడాలి. తర్వాతి స్టేషన్లో మెమో ఇవ్వాలి. అక్కడ ఆగి, "అసిస్టెంట్ దిగాడు. నేను దిగలేదు" అన్నారు.

ఇక్కడ నేను ఊఁ కొట్టలేదు. ఎందుకో అప్పుడు ఆలోచించి చేసింది కాదు. పదకొండు సెకన్లు. తర్వాత లెక్కపెడితే తెలిసింది. కూర్చున్నప్పుడు అది చాలా పొడుగ్గా ఉంటుంది, నా దగ్గర రెండు ప్రశ్నలు నాలుక చివరిదాకా వచ్చాయి. ఆ రెండూ ఆయన్ని ఓదార్చేవే. ఓదారిస్తే అక్కడితో మాట ముగిసిపోయేది.

"మెమో ఇచ్చేసి టీ తాగాం" అన్నారు చివరికి. "టీ తాగామమ్మా."

దాని తర్వాత ఇంకేం అడగలేదు, నీళ్ళ గ్లాసు అందించాను. ఎడిటింగులో ఈ చోట మేమిద్దరం పోట్లాడుకున్నాం. పదకొండు సెకన్లు ఏమీ వినబడకపోతే నెట్ పోయిందనుకుని జనం ఫోన్ చూసుకుంటారని వాడు నాలుగుకి తగ్గించాడు. నాలుగైతే అది ఊపిరి తీసుకోవడమే, ఆగడం కాదని నేను. చివరికి ఏడు దగ్గర ఆగాం. నిజానికి ఆ ఏడూ ఖాళీ కాదు. దూరంగా వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడు ఉంది, అదే నెట్ పోలేదని చెప్తుంది.

తీసేసినవి కూడా చెప్పాలి. పిన్నిగారు కాల్ బాయ్ గురించి ఒక కథ చెప్పారు, అందరం పడీ పడీ నవ్వాం. సాయంత్రం బాబాయ్ గారు ఫోన్ చేసి అది వద్దమ్మా అన్నారు. ఎపిసోడ్ మొత్తంలో బాగా నవ్వించే ముక్క అదే. తీసేశాం, అదేమిటో ఇక్కడా రాయను. స్టూడియో టీ విరామంలో దొరికిన ఆరు నిమిషాల గురించి కూడా ఆయనకి చెప్పి, వినిపించి, సరే అన్నాకే వాడుకున్నాం. మైకు ఆన్‌లో ఉందని తెలియనప్పుడు అన్న మాటలవి, అడక్కుండా వాడుకోవడం దొంగతనమే.

ఎపిసోడ్ మొదట్లో పరిచయం పెట్టలేదు. "ఖాళీ రేకు" దగ్గర మొదలైంది. ఆయనెవరో మూడో నిమిషంలో, నా గొంతుతో రెండు వాక్యాల్లో వచ్చింది. స్టూడియోలో ఆయన తొమ్మిది నిమిషాలు చెప్పిన బయోడేటా ఆ రెండు వాక్యాలైంది. అంతకుముందు ఎపిసోడ్లకి గ్రాఫు చూస్తే, నేను అతిథి డిగ్రీలూ పదవులూ చదువుతున్నంతసేపూ వినేవాళ్ళు జారిపోవడం గీతలో కనబడేది. ఈసారి ఆ మొదటి జారుడు లేదు. ముప్ఫై ఎనిమిదో నిమిషం దగ్గర ఒకటుంది. డీజిల్ ఇంజిన్లకీ ఎలక్ట్రిక్ ఇంజిన్లకీ తేడా మీద నేను వరసగా మూడు ప్రశ్నలు అడిగాను. అక్కడ ఆయన బాగానే చెప్పారు, ఆసక్తి నాదే తప్ప వినేవాళ్ళది కాదు. కోసెయ్యాల్సింది.

విడుదలైన నాలుగో రోజు బాబాయ్ గారి ఫోన్. బాగుందనో, గొంతు సరిగ్గా లేదనో అంటారనుకున్నాను.

"అమ్మా, నలభై ఒకటో నిమిషంలో ఇంకో బండి పోతుంది చూడు. లోడు అన్నాను. మళ్ళీ విన్నాను, మా అబ్బాయి పంపిన హెడ్‌ఫోన్లు పెట్టుకుని. అది కూడా ఖాళీయే. ఎక్కడైనా రాస్తారా?"

ఎపిసోడ్ కింద వివరణలో రాశాం.